సుంకం లేదు, సరిహద్దు ఉంది: బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్‌లో నిజంగా ఏం మారింది

2021 జనవరి. నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ రేవు. బ్రిటన్ నుంచి వచ్చిన ఓడ దిగిన ఒక డ్రైవర్‌ని కస్టమ్స్ వాళ్లు ఆపి, అతని దగ్గరున్న శాండ్‌విచ్‌లలో మాంసం ఉందా అని అడిగారు. ఉందన్నాడు. మాంసం మీరు తీసేసుకోండి, బ్రెడ్ అయినా నాకుంచుతారా అని అతను అడిగితే, కుదరదు, మొత్తం స్వాధీనం చేసుకోవాల్సిందే, బ్రెగ్జిట్‌కి స్వాగతం, సారీ సార్ అన్నాడు అక్కడి అధికారి. అక్కడి టీవీలో వచ్చిన ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది, చాలామంది నవ్వుకుని వదిలేశారు. నాకు మాత్రం బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చిన ఈ బ్రెగ్జిట్ గురించి ఎవరికైనా చెప్పాలంటే అక్కడినుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆ రూల్ బ్రిటన్ మీద కోపంతో పెట్టింది కాదు. యూరోపియన్ యూనియన్ (ఈయూ) బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు వెంట తెచ్చుకోకూడదన్నది అంతకు చాలా ముందు నుంచే ఉంది. ఆ రూల్స్ తయారైనప్పుడు బ్రిటన్ కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుంది. 2020 డిసెంబర్ 31 రాత్రి వరకు గీతకి ఇటువైపు ఉన్న దేశం తెల్లారేసరికి అటువైపు ఉంది, అంతే. గీత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అయితే ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది, రావాలి కూడా. 2020 డిసెంబర్ 24న, గడువుకి వారం ముందు, రెండు పక్షాలూ వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్నాయి కదా, అందులో సరుకుల మీద సుంకాలూ లేవు, కోటాలూ లేవు అని ఘనంగా చెప్పారు కదా, మరి ఈ లారీలు ఆపడం, కాగితాలు అడగడం ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే బ్రెగ్జిట్‌లో సగం అర్థమైనట్టే.

దేశాలు వ్యాపారం కోసం దగ్గరవడంలో మూడు మెట్లు ఉంటాయి. మొదటిది స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం: నీ సరుకు మీద నేను సుంకం వెయ్యను, నా సరుకు మీద నువ్వు వెయ్యకు. వినడానికి ఇదే ఆఖరి మెట్టులా ఉంటుంది కానీ ఇందులో ఒక మెలిక ఉంది, అది నీ సరుకేనని నువ్వు రుజువు చెయ్యాలి. జర్మనీలో తయారైన మిఠాయి బ్రిటన్ గోదాముకి వచ్చి, అక్కడేమీ మారకుండా, అక్కడినుంచి ఐర్లాండ్‌కి వెళ్తుందనుకోండి. జర్మనీ ఈయూలోనే ఉంది, ఐర్లాండ్ కూడా ఈయూలోనే ఉంది, కానీ దారిలో బ్రిటన్‌లో దిగి మళ్లీ బయల్దేరిన ఆ మిఠాయి ఒప్పందం దృష్టిలో బ్రిటన్ సరుకు కాదు. దాని మీద సుంకం పడుతుంది. 2021 జనవరిలో బ్రిటన్ పెద్ద దుకాణాలకి సరిగ్గా ఇదే ఎదురైంది, ఏళ్ల తరబడి ఐర్లాండ్ షాపులకి బ్రిటన్ గోదాముల నుంచే సరుకు పంపుతూ వచ్చినవాళ్లు ఉన్నట్టుండి ప్రతి ప్యాకెట్టూ ఎక్కడ పుట్టిందో చెప్పుకోవాల్సి వచ్చింది.

రెండో మెట్టు కస్టమ్స్ యూనియన్. బయటి ప్రపంచం నుంచి వచ్చే సరుకు మీద అందరం ఒకే సుంకం వేద్దాం, అప్పుడు మన మధ్య తిరిగే సరుకు ఎక్కడ పుట్టిందో అడగాల్సిన పనే ఉండదు అన్నది దీని సూత్రం. మూడోది సింగిల్ మార్కెట్, అన్నిటికంటే లోతైనది ఇదే. సుంకాల సంగతి అలా ఉంచి, సరుకు ఎలా తయారవ్వాలి, కోళ్లకి ఏ మందులు వాడొచ్చు, బొమ్మలో ఏ రంగు వెయ్యొచ్చు లాంటి రూల్స్ అన్నీ ఒకటే అయితే సరిహద్దులో విప్పి చూడాల్సిన అవసరమే పోతుంది. దాంతోపాటు మనుషులు, సేవలు, పెట్టుబడి కూడా దేశాల మధ్య స్వేచ్ఛగా తిరుగుతాయి. లారీ ఆగకుండా పోవాలంటే రెండో మెట్టు ఒక్కటే చాలదు, మూడో మెట్టు ఒక్కటే చాలదు, రెండూ కావాలి. టర్కీకి ఈయూతో కస్టమ్స్ యూనియన్ ఉంది, అయినా బల్గేరియా సరిహద్దులో లారీలు బారులు తీరతాయి. నార్వే సింగిల్ మార్కెట్‌లో ఉంది, అయినా స్వీడన్ సరిహద్దులో కస్టమ్స్ ఉంది.

బ్రిటన్ ఈ రెండింట్లోంచీ బయటికొచ్చి మొదటి మెట్టు దగ్గర నిలబడింది. అందుకే సుంకం లేకపోయినా సరిహద్దు వచ్చింది.

రెండింట్లోంచీ రావాలని ఓటేసిన జనం చెప్పారా అంటే, వాళ్లనెవరూ ఆ ప్రశ్నే అడగలేదు. 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) బ్యాలెట్ మీద ఉన్నది రెండే గళ్లు: ఈయూలో ఉండాలా, బయటికి రావాలా. 51.9 శాతం రావాలన్నారు, 48.1 శాతం ఉండాలన్నారు. వచ్చాక నార్వేలా ఉండాలా, స్విట్జర్లాండ్‌లా ఉండాలా, కెనడాలా దూరంగా ఉండాలా అన్నది ఆ కాగితం మీద లేదు. రెండువైపులా ప్రచారం చేసినవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. నా దృష్టిలో ఆ తర్వాత మూడున్నరేళ్ల రాజకీయ గందరగోళానికి మూలం ఇదే. ఓడిపోయినవాళ్లు మొండికేశారనో గెలిచినవాళ్లు అబద్ధాలాడారనో చెప్పేది సగం కథే. ఉన్నచోటు వదలాలని తీర్పు వచ్చింది గానీ ఎక్కడికి వెళ్లాలో ఎవరూ తేల్చలేదు.

ఎక్కడికో తేల్చింది, రెఫరెండం పెట్టిన డేవిడ్ కామెరాన్ తర్వాత ప్రధాని అయిన థెరిసా మే. 2017 జనవరిలో లాంకస్టర్ హౌస్‌లో చేసిన ప్రసంగంలో ఆమె గీతలు గీశారు: ఈయూ వాళ్లు స్వేచ్ఛగా వచ్చి ఉండే పద్ధతి ఆపాలి, యూరోపియన్ కోర్టు తీర్పులు మాకు వర్తించకూడదు, వేరే దేశాలతో ఒప్పందాలు మేమే చేసుకోవాలి. మొదటి రెండూ కావాలంటే సింగిల్ మార్కెట్ వదలాలి. మూడోది కావాలంటే కస్టమ్స్ యూనియన్ వదలాలి. అంటే తర్వాత జరగబోయేదంతా దాదాపు ఆ రోజే ఖాయమైపోయింది, కాకపోతే ఆ సంగతి పార్లమెంటుకి అర్థమవడానికి రెండేళ్లు పట్టింది. 2019 జనవరి 15న, ఈయూతో ఆమె కుదుర్చుకున్న నిష్క్రమణ ఒప్పందాన్ని సభ 432-202 ఓట్లతో కొట్టేసింది, ఆధునిక బ్రిటన్‌లో ఏ ప్రభుత్వమూ అంత పెద్ద ఓటమి చూడలేదు. ఆమె తప్పుకున్నారు, బోరిస్ జాన్సన్ వచ్చారు, డిసెంబర్ ఎన్నికల్లో 80 సీట్ల మెజారిటీ తెచ్చుకున్నారు, 2020 జనవరి 31న బ్రిటన్ అధికారికంగా బయటికొచ్చింది. 1973 నుంచి 47 ఏళ్ల సంసారం. అయితే 2020 డిసెంబర్ 31 వరకు సర్దుకునే గడువు ఉంది కాబట్టి అప్పటిదాకా ఈయూ రూల్సే నడిచాయి.

ఇంతా చేస్తే థెరిసా మే ఒప్పందం దేని దగ్గర విరిగిపోయిందంటే, ఉత్తర ఐర్లాండ్ దగ్గర. కాస్త ఓపిగ్గా చూడాల్సిన చోటు ఇదే.

ఐర్లాండ్ ద్వీపంలో పెద్ద భాగం స్వతంత్ర దేశం, ఈయూ సభ్యురాలు. ఈశాన్య మూల బ్రిటన్‌ది. రెండింటి మధ్య సరిహద్దు దాదాపు 500 కిలోమీటర్లు, పొలాల మధ్య నుంచి, ఊళ్ల పక్క నుంచి, కొన్నిచోట్ల ఒకే రోడ్డుని పదే పదే దాటుకుంటూ పోతుంది. దాన్ని దాటే దారులు 200కి పైగా ఉన్నాయి. ముప్పై ఏళ్లపాటు అక్కడ సాగిన హింసలో దాదాపు 3,500 మంది చనిపోయారు, ఆ రోజుల్లో సరిహద్దు అంటే సైనికులు, కాపలా బురుజులు, తనిఖీలు. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందంతో శాంతి వచ్చింది. బురుజులు కూల్చారు. రెండు దేశాలూ ఈయూలోనే ఉన్నాయి కాబట్టి కస్టమ్స్ ఆఫీసులు అప్పటికే పోయాయి. ఇవాళ అక్కడ కారులో వెళ్తుంటే స్పీడు బోర్డులు మైళ్ల నుంచి కిలోమీటర్లకి మారినప్పుడు దేశం మారిందని తెలుస్తుంది, అంతకు మించి ఆనవాలేదీ కనపడదు. తాము ఐరిష్ వాళ్లమనుకునేవాళ్లకీ, బ్రిటిష్ వాళ్లమనుకునేవాళ్లకీ ఒకే నేల మీద బతికే వీలు కలిగింది కొంతవరకు ఆ కనపడని సరిహద్దు వల్లే.

బ్రిటన్ సింగిల్ మార్కెట్, కస్టమ్స్ యూనియన్ రెండూ వదిలితే ఆ పొలాల మధ్య గీత ఈయూ బయటి సరిహద్దు అవుతుంది. అక్కడ తనిఖీలు ఉండాలి. పెడితే శాంతికి ముప్పు. మరి ఏం చెయ్యాలి? ద్వీపం మీద సరిహద్దు ఉండకూడదు, ఉత్తర ఐర్లాండ్‌కీ మిగతా బ్రిటన్‌కీ మధ్య సముద్రంలో సరిహద్దు ఉండకూడదు, బ్రిటన్ మొత్తం ఈయూ రూల్స్ నుంచి పూర్తిగా బయటపడాలి. ఈ మూడింట్లో ఏ రెండైనా దొరుకుతాయి, మూడూ కలిసి ఎన్నటికీ దొరకవు. మే మూడోదాన్ని కాస్త వదులుకోబోయారు, ఆమె పార్టీ ఒప్పుకోలేదు. జాన్సన్ రెండోదాన్ని వదులుకున్నారు. సరుకుల విషయంలో ఉత్తర ఐర్లాండ్ ఈయూ రూల్స్‌లోనే ఉంటుంది, తనిఖీలు ఐరిష్ సముద్రం దగ్గర రేవుల్లో జరుగుతాయి.

దీని ఫలితం మామూలు మనిషికి ఎలా తగిలిందో చూడండి. బెల్‌ఫాస్ట్‌లో ఒకావిడ ఇంగ్లండ్ నర్సరీ నుంచి కుండీ మొక్క తెప్పించుకోవాలనుకుంటే కుదరలేదు, ఎందుకంటే వేళ్లకి అంటుకున్న మట్టి ఈయూ బయటి మట్టి. ఒకే దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మొక్క పంపలేని పరిస్థితి. చల్లబెట్టిన సాసేజ్‌ల మీద నిషేధం వస్తుందన్న గొడవ నెలల తరబడి నడిచింది. బ్రిటన్‌తో కలిసే ఉండాలనుకునే యూనియనిస్టులకి ఇది సాసేజ్‌ల గొడవలా అనిపించలేదు, మమ్మల్ని సొంత దేశం నుంచి విడదీస్తున్నారనిపించింది. వాళ్ల ప్రధాన పార్టీ డీయూపీ 2022 ఫిబ్రవరిలో ప్రాంతీయ ప్రభుత్వం నుంచి తప్పుకుంది, రెండేళ్లపాటు అక్కడ పూర్తిస్థాయి ప్రభుత్వం లేదు. 2023 ఫిబ్రవరిలో రిషి సునాక్ విండ్సర్ ఒప్పందం తెచ్చాక కొంత సర్దుకుంది: ఉత్తర ఐర్లాండ్‌లోనే ఉండిపోయే సరుకుకి ఒక దారి, అక్కడినుంచి ఐర్లాండ్‌కి దాటే అవకాశమున్న సరుకుకి ఇంకో దారి. మొక్కలకీ వీలు దొరికింది. కానీ చాలా రకాల ఆహార ప్యాకెట్ల మీద ఇది ఈయూకి కాదు అని ముద్ర వేస్తేనే అక్కడికి పంపాలి. సరిహద్దుని ఒకచోట తీసేస్తే ఇంకోచోట లేస్తుంది, ఆఖరికి ప్యాకెట్ మీదైనా.

ఇక డబ్బు సంగతి. దీంట్లో రెండువైపుల వాళ్లూ అంకెల్ని ఇష్టమొచ్చినట్టు వాడుతుంటారు. బయటికి రావాలన్నవాళ్లు ప్రచారంలో ఎర్ర బస్సు మీద రాసిన, ఈయూకి వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామన్న అంకెనే తీసుకోండి, బ్రిటన్‌కి ఉన్న రాయితీ తీసెయ్యకుండా వేసిన లెక్క అది, అంత డబ్బు అసలు పంపేవాళ్లే కాదు. అధికారిక గణాంకాల సంస్థే అది తప్పుదోవ పట్టిస్తోందని చెప్పింది. అటువైపు నుంచి, బయటికి ఓటేస్తే వెంటనే మాంద్యం వస్తుందని అప్పటి ఆర్థిక శాఖ భయపెట్టింది. అదీ జరగలేదు. వెంటనే జరిగింది ఒక్కటే, ఫలితం వచ్చిన రోజే డాలర్‌తో పౌండ్ 1985 తర్వాతి కనిష్ఠానికి పడింది, దానివల్ల దిగుమతుల ధరలు పెరిగాయి.

ప్రభుత్వ బడ్జెట్ అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్ లెక్క ఏంటంటే, ఈయూలోనే ఉండి ఉంటే ఎలా ఉండేదో దానితో పోలిస్తే దీర్ఘకాలంలో బ్రిటన్ ఉత్పాదకత 4 శాతం తక్కువగా, ఎగుమతులు, దిగుమతులు 15 శాతం తక్కువగా ఉంటాయని. దీన్ని చాలామంది బ్రెగ్జిట్ వల్ల ఆర్థిక వ్యవస్థ 4 శాతం పడిపోయింది అని రాసేస్తారు, అది తప్పు. బ్రిటన్ పెరుగుతూనే ఉంది, పెరగాల్సినంత పెరగట్లేదు అన్నది దీని అర్థం. పైగా కోవిడ్, ఉక్రెయిన్ యుద్ధం కలగలిసిపోయాయి కాబట్టి దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. కానీ దిశ గురించి ఆర్థికవేత్తల్లో పెద్దగా తగాదా లేదు. పక్కనే ఉన్న అతిపెద్ద మార్కెట్‌తో వ్యాపారం కష్టం చేసుకుంటే నష్టం ఉంటుంది, ఇందులో రహస్యమేమీ లేదు.

నన్ను నిజంగా బాధపెట్టేది ఆ సగటు అంకె కాదు, ఆ నష్టం ఎవరి మీద పడిందన్నది. కాగితం బరువు పెద్దవాడికీ చిన్నవాడికీ ఒకటే, మొయ్యగలిగే భుజాలే వేరు. ఒక చేపల లారీ ఫ్రాన్స్‌కి వెళ్లాలంటే పశువైద్యుడో, అధికారం ఉన్న ఇన్‌స్పెక్టరో సంతకం పెట్టిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కస్టమ్స్ ప్రకటన కావాలి, పట్టిన తీరు గురించి ఇంకో పత్రం కావాలి. పెద్ద కంపెనీకి దానికోసం ఒక విభాగమే ఉంటుంది, లేదంటే ఈయూలోనే ఒక గోదాము తీసుకుంటుంది. నాలుగు పెట్టెల రొయ్యలు పంపే చిన్నవాడు ఇంకో పదిమందితో కలిసి ఒకే లారీలో సరుకు ఎక్కిస్తాడు, ఆ పదిమందిలో ఎవరి కాగితంలో తప్పున్నా లారీ మొత్తం ఆగిపోతుంది. తాజా చేపకి ఒక్క రోజు ఆలస్యమంటే ధర పోయినట్టే. నీళ్ల శుభ్రతలో రెండో శ్రేణి తీరాల నుంచి తీసిన ఆల్చిప్పల్ని ఇంతకుముందు బతికుండగానే పంపి అక్కడే శుద్ధి చేయించేవాళ్లు. ఈయూ బయటి దేశాలకి ఆ వీలు లేదు. అంటే ఆ వ్యాపారం తగ్గడం కాదు, నడిచే దారే మూసుకుపోయింది. బ్రెగ్జిట్ జెండా పట్టుకుని ముందు నడిచినవాళ్లలో మత్స్యకారులు ఉన్నారు, మన సముద్రం మనకి అన్న మాటని మనసారా నమ్మారు. కోటా కొంత పెరిగింది, నిజమే. పట్టింది ఎక్కువగా అమ్ముకునేది మాత్రం ఆ యూరప్‌లోనే.

సొంత రూల్స్ పెట్టుకునే స్వేచ్ఛ గురించి కూడా ఒక మాట. యూరప్‌లో వస్తువుల మీద ఉండే సీఈ గుర్తు బదులు బ్రిటన్ సొంత గుర్తు తెస్తానంది. కానీ రెండుచోట్లా అమ్మే తయారీదారు రెండు పరీక్షలు ఎందుకు చేయిస్తాడు? గడువు వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2023లో చాలా వస్తువులకి సీఈ గుర్తునే గడువు లేకుండా ఒప్పుకుంటామని ప్రభుత్వం చెప్పింది. చట్టం చేసే అధికారం లండన్‌కి తిరిగొచ్చింది. అయినా చాలా రంగాల్లో ఏ రూల్ పాటించాలన్నది ఇప్పటికీ ఈయూ కేంద్రమైన బ్రసెల్స్‌ని చూసే నడుస్తోంది, మార్కెట్ అక్కడుంది కాబట్టి. తేడా ఏంటంటే ఆ రూల్ రాసేటప్పుడు ఇప్పుడు బ్రిటన్‌కి ఓటు లేదు.

లండన్ బ్యాంకుల విషయంలో చెప్పినంత వినాశనం జరగలేదు. యూరోపియన్ మందుల సంస్థ ఆమ్‌స్టర్‌డామ్‌కీ, బ్యాంకింగ్ సంస్థ పారిస్‌కీ తరలిపోయాయి, ఈయూ షేర్ల ట్రేడింగ్ చాలావరకు ఆమ్‌స్టర్‌డామ్‌కి మారింది, కొన్ని ఉద్యోగాలు డబ్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లాయి. అయినా యూరప్‌లో అతిపెద్ద ఆర్థిక కేంద్రం ఇప్పటికీ లండనే. సేవల ఎగుమతులు బాగానే ఉన్నాయి, అది కూడా ఒప్పుకోవాలి.

వలసల కథ మాత్రం ఎవరూ ఊహించని మలుపు తిరిగింది. 2016లో చాలామంది ఓటు వెనకున్న పెద్ద కారణం ఇదే, మా సరిహద్దు మీద పట్టు మాకు కావాలి అని. 2021 నుంచి పాయింట్ల ఆధారంగా వీసాలిచ్చే పద్ధతి వచ్చింది. ఈయూ నుంచి వచ్చేవాళ్లు తగ్గారు, వచ్చేవాళ్లకంటే వెళ్లిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. కానీ ఆస్పత్రులకీ, వృద్ధుల సంరక్షణకీ, యూనివర్సిటీలకీ మనుషులు కావాలి, దాంతో భారత్, నైజీరియా లాంటి దేశాల నుంచి విద్యార్థులు, నర్సులు, కేర్ వర్కర్లు పెద్దఎత్తున వచ్చారు. 2023 మధ్యనాటికి ఏడాదిలో నికర వలస 9 లక్షలు దాటింది, ఈయూలో ఉన్నప్పుడు ఏనాడూ అంత లేదు. తర్వాత ప్రభుత్వం కుటుంబాల్ని తెచ్చుకోవడం మీద ఆంక్షలు పెట్టింది, అంకె బాగా తగ్గింది. పట్టు దక్కిన మాట నిజం. కానీ ఎవరు రావాలో తేల్చుకునే అధికారం ఒకటి, అసలు మనుషులు అవసరం లేకపోవడం ఇంకొకటి, ప్రచారంలో ఈ రెండింటినీ ఒకటే చేసి చెప్పారు.

లాభాలు లేవా అంటే ఉన్నాయి. 2025లో ట్రంప్ సుంకాలు వేసినప్పుడు బ్రిటన్ సరుకు చాలావాటి మీద 10 శాతం పడితే ఈయూ సరుకు మీద 15 శాతం దగ్గర ఆగింది, విడిగా ఉండటం అక్కడ పనికొచ్చింది. భారత్‌తో 2025 జూలైలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆస్ట్రేలియాతో, పసిఫిక్ దేశాల కూటమితో కూడా అయ్యాయి, కాకపోతే ఈ రెండింట్లో ఒక్కోదాని వల్ల వచ్చే పెరుగుదల ప్రభుత్వ సొంత అంచనాలోనే జీడీపీలో 0.1 శాతం కూడా లేదు. దూరం అన్నది వాణిజ్యంలో చాలా పెద్ద విషయం, డోవర్ నుంచి ఫ్రాన్స్ తీరం 33 కిలోమీటర్లు. కోవిడ్ వ్యాక్సిన్‌ని బ్రిటన్ ముందుగా ఆమోదించడం బ్రెగ్జిట్ వల్లేనని చాలామంది నమ్ముతారు గానీ, 2020 డిసెంబర్ 2న ఆ ఆమోదం ఇచ్చేనాటికి బ్రిటన్ ఇంకా ఈయూ రూల్స్ కిందే ఉంది, అత్యవసర అనుమతి ఏ సభ్య దేశమైనా ఇచ్చుకోవచ్చు.

స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండాలని ఓటేశారు, అయినా బయటికి రావాల్సొచ్చింది. స్వాతంత్ర్యం కావాలనేవాళ్లకి ఇది కొత్త వాదన ఇచ్చింది. స్వాతంత్ర్యం మీద ఇంకో రెఫరెండం పెట్టే అధికారం స్కాట్లాండ్ పార్లమెంటుకి సొంతంగా లేదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చాక ఆ గొడవ అక్కడే నిలిచిపోయింది. నిజంగా విడిపోతే ఇంగ్లండ్, స్కాట్లాండ్ మధ్య కూడా ఐర్లాండ్‌లో వచ్చిన చిక్కే వస్తుందన్నది వాళ్లు కూడా చూసుకోవాల్సిన విషయం.

ఇప్పుడు బ్రిటన్ తిరిగి చేరుతుందా అని చాలామంది అడుగుతుంటారు. సర్వేల్లో ఎక్కువమంది బయటికి రావడం తప్పయిందనే అంటున్నారు. కానీ 2024లో గెలిచిన లేబర్ పార్టీ సింగిల్ మార్కెట్‌లోకీ, కస్టమ్స్ యూనియన్‌లోకీ తిరిగి వెళ్లబోమని మేనిఫెస్టోలోనే రాసింది. తిరిగి చేరాలన్నా పాత రాయితీలు దొరుకుతాయన్న గ్యారంటీ లేదు. అందుకే ముక్కలు ముక్కలుగా అతికించుకుంటున్నారు. ఈయూ పరిశోధన పథకం హొరైజన్‌లో 2024 జనవరి నుంచి మళ్లీ చేరారు. 2025 మే 19న లండన్‌లో జరిగిన సమావేశంలో ఆహారం, పశు ఉత్పత్తుల తనిఖీలు చాలావరకు తీసేసే ఒప్పందానికి దారి వేశారు, దానికి జతగా ఈయూ పడవలు బ్రిటన్ నీళ్లలో చేపలు పట్టుకునే వీలుని 2038 వరకు పొడిగించారు.

ఆ ఆహార ఒప్పందం అమల్లోకి వస్తే చేపల లారీకి ఆరోగ్య ధ్రువపత్రం అక్కర్లేదు, బెల్‌ఫాస్ట్‌కి వెళ్లే ప్యాకెట్ మీద ముద్రల గొడవ కూడా చాలావరకు తగ్గుతుంది. దానికి బదులుగా ఈయూ ఆహార రూల్స్ మారినప్పుడల్లా బ్రిటన్ కూడా మార్చుకోవాలి, ఆ రూల్‌కి అర్థం ఏంటన్న వివాదం వస్తే చివరి మాట యూరోపియన్ కోర్టుదే. రూల్ తయారవుతున్నప్పుడు బ్రిటన్ తన అభిప్రాయం చెప్పుకోవచ్చు, ఓటు మాత్రం ఉండదు.